కృష్ణ దాటితే కులం మారును

దేవరకొండ తండాలో పుట్టిన లంబాడా బిడ్డ షెడ్యూల్డ్ తెగ. అదే బిడ్డ రాయచూరులో మేనమామ ఇంట పుడితే షెడ్యూల్డ్ కులం. నాందేడ్‌లో చిన్నమ్మ ఇంట పుడితే విముక్త జాతి. మాట్లాడేది అదే గోర్‌బోలి, మొక్కేది అదే సేవాలాల్‌కు. 1956లో ఈ మూడూ ఉన్న పాత నిజాం రాజ్యం మూడు ముక్కలైంది. చిట్టా మాత్రం ఎవరిది వాళ్లదే.

సర్కారుకు ఈ దివ్యదృష్టి కొత్త కాదు. మొగలు ఫౌజులు దక్కనుకు దిగితే ఎద్దుల మీద గింజలు మోసింది ఈ లంబాడాలే. అప్పట్లో భంగీ, జంగీ నాయకులకిచ్చిన రాగిరేకులో రోజుకు మూడు ఖూనీలు మాఫీ అని రాసుందట! తర్వాత రైలొచ్చింది, ఉప్పు తెల్లదొర గుప్పిట్లోకి పోయింది. ఎద్దు వీపు ఖాళీ అయింది. ఖాళీ ఎద్దును తోలుకు తిరిగేవాడు దొంగ కాక మరేమిటి?

1871లో నేరస్థ జాతుల చట్టం పుట్టింది, 1911లో మద్రాసు దాకా వచ్చింది. నిజాం సర్కారు వెనకబడుతుందా? లంబాడాలు, ఎరుకలు ఠాణాలో వేలిముద్ర వేయాలి, ఊరు దాటాలంటే చీటీ చూపాలి. రాత్రి పోలీసు పటేల్ "ఉన్నవారా?" అంటే "ఉన్న దొరా, బాంచెన్" అని పలకాలి. పలకలేదా, దొంగతనం జరిగినట్టే. పోయిన సొత్తు ఎవరిదో తీరిగ్గా వెతుక్కోవచ్చు.

ఈ తెలివి మన ఒక్కరి సొత్తేం కాదు. జిప్సీల, అంటే రోమాల కోసమే మ్యూనిక్ పోలీసులు 1899లో ఆఫీసు తెరిచారు, 1905లో పేర్ల పుస్తకం అచ్చేశారు. ఫ్రాన్స్ 1912లో ఒంటి కొలతల పుస్తకం చేతికిచ్చి తిరగమంది. 1936లో వియన్నాలో దేశదేశాల పోలీసులు ఉమ్మడి కేంద్రం పెట్టుకున్నారు. మనిషి సరిహద్దు దాటితే నేరం, వాడి చిట్టా దాటితే సహకారం. నాజీలు రోమాలను ఏరి చంపే నాటికి పేర్లన్నీ రాసి సిద్ధంగా ఉన్నాయి.

2016లో ఢిల్లీలో విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ రోమాలను భారత సంతానం అన్నారు. సంతోషం. వెయ్యేళ్ల కింద ఇల్లు విడిచిపోయిన వాళ్లు బిడ్డలయ్యారు. పోకుండా ఇక్కడే పడున్న వాళ్ల సంగతి? 1952లో పాత నేరస్థ జాతుల చట్టం రద్దయింది, ఆ జాతులు "విముక్త" అయ్యాయి; దాని కుర్చీలో అలవాటు నేరస్థుల చట్టాలు కూర్చున్నాయి, మనకూ 1962లో ఒకటి. జైలు మాన్యువళ్లలో విముక్త జాతుల మీద వివక్ష రాతలు చెల్లవని సుప్రీంకోర్టు తేల్చింది 2024 అక్టోబరులో. అంటే డెబ్బై రెండేళ్లు లేటు. హాజరుకు ఒక్క పూట ఆలస్యమైతే పటేల్ ఊరుకునేవాడా?