గూడ్సు చక్రవర్తి విజయయాత్ర

శరత్కాలం. కురిసి అలిసిన మబ్బులు దూదిపింజలై, రేగడి చేలల్లో పగిలిన పత్తికాయలతో తెలుపుకు పోటీపడుతున్న సాయంత్రం. తూర్పున నల్లమల నీలగజఘటలా నిలుచుంది. పడమటి పొద్దు పొట్టకొచ్చిన వరిమళ్ల మీద కరగబోసిన బంగారం కుమ్మరిస్తోంది. అట్టి ముహూర్తాన, రాతిలోంచి దేవుళ్లను పుట్టించే ఆళ్లగడ్డ నుంచి, రైలుపట్టా ఎరుగని ఆ శిల్పుల పట్టణం నుంచి, స్కూటరనే అశ్వరాజాన్ని అధిరోహించి, కంఠసీమలో కెమెరా కౌస్తుభమై వేలాడగా, నంద్యాల–గాజులపల్లె నడుమ ఒకానొక రైలుగేటు వద్ద, రైల్వే హద్దురాయికి ఇవతల, నేను అవతరించాను. గూడ్సు బండి ఫొటో కోసం.

ట్రింగ్! గేట్‌మన్ గదిలో ఫోను పాంచజన్యమై మోగింది. ఆ దుర్గపాలకుడు తువాలు భుజాన వేసి, పిడి పట్టి తిప్పగా తిప్పగా, ఎరుపుతెలుపుల దండాలు కోటతలుపుల్లా దిగాయి. అటు ఆటోలు, ఇటు మేతమోపుల ట్రాక్టరు, నడుమ ఒక ఎనుము, సమస్త సామంతలోకం స్తంభించింది.

"ఏమిన్నా, ఎవురొస్తాండారు, మంత్రా?" అన్నాడు ఆటోరథసారథి.

"గూడ్సు."

"గూడ్సా! దాన్నేం తీస్తావున్నా, ఎక్స్‌ప్రెస్సు రానీ!"

ఈ అవమానం చక్రవర్తికి కొత్త కాదు. ఎక్స్‌ప్రెస్సనే చపలుడు వెనక నుంచి కూతపెడితే చాలు, దేశానికి బొగ్గూ బియ్యమూ సిమెంటూ ఎరువూ మోసే మహారాజును లూపులైనులో చేతులు కట్టించి నిలబెడతారు. కలికాలం!

అంతలో పట్టాలు తుమ్మెదల్లా జుమ్మన్నాయి. బొగద సొరంగపు చీకటిని చీల్చి, చెలమ స్టేషను దాటి, శిరస్సున 25,000 వోల్టుల తీగ ఛత్రమై సాగగా, గుండెలో 6,120 గుర్రాల బలంతో డబ్ల్యూఏజీ-9 ఇంజను వేంచేస్తోంది! పది దిక్కులా రథం నడిపిన దశరథుడికైనా ఇన్ని గుర్రాలెక్కడివి? కూత మోగింది; కొంగలు లేచాయి; కాలవ నీళ్లు వణికాయి; తంగేడు తన పూలను తానే అక్షతలుగా రాల్చుకుంది. ధడధడ ధడధడ, బొగ్గుకిరీటాలు ధరించి, తుప్పు కుంకుమ పూసుకొని, 58 పెట్టెల చతురంగబలం!

నేను మత్స్యయంత్రం ముందరి అర్జునుడినై మోకాలు మడిచాను. కానీ రేగడి! కర్ణుడి రథచక్రాన్ని మింగిన నేల ఇదేనని నా అనుమానం. నా ఎడమచెప్పును సమూలంగా మింగింది. దాన్ని పెకలించే సంగ్రామంలో నేనుండగా ఇంజను దాటింది, పది పెట్టెలు దాటాయి, నలభై దాటాయి. లేచి గురిపెట్టేసరికి గార్డు పెట్టె. 2022 నుంచి ఆయన కాగితాల మీద ట్రైన్ మేనేజరు, గేటుకాడ మాత్రం గార్డే. పచ్చజెండా చాచి గేట్‌మన్‌కు ఆల్‌రైటు చెప్పి, నన్ను చూసి నవ్వాడు.

క్లిక్.

ఫొటోలో జెండా సగం పడింది. ఎనుము తోక పూర్తిగా పడింది. వెనక నల్లమల ఉంది. గూడ్సు లేదు.

చెప్పు మాత్రం దొరికింది.