పదకొండు పుటల పత్రము ఆత్మకథ

నా పేరు చెప్పువారు పెక్కుమంది. నన్ను చదివినవారు బహు కొద్దిమంది. డేటాబేస్ విద్యపై వ్యాసము వ్రాయు ప్రతివాడును చివర నా పేరు చేర్చి చేతులు దులుపుకొనును గాని, నేనున్న బీరువా తలుపు తీసి చూచినవాడు చాలకాలముగా లేడు.

కాలిఫోర్నియాలోని శాన్‌హోసే నగరమున ఐబీఎం పరిశోధనాలయములో పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ నన్ను రచించెను. ఆంగ్లదేశమున జన్మించి, రెండవ ప్రపంచ యుద్ధమున విమానము నడిపిన ఆ గణితవేత్త, 1969లో మా అన్నను సంస్థలోపలి నివేదికగా వెలయించెను. నేను మాత్రము 1970 జూన్‌లో ఏసీఎం అను కంప్యూటరు నిపుణుల సంఘము వారి మాసపత్రికలో 377 మొదలు 387 వరకు గల పుటలలో అచ్చై లోకమున పడితిని.

ఆనాడు సమాచారము కొమ్మలు రెమ్మలుగా అల్లబడి, కావలసిన లెక్కకు ఏ దారిని దిగవలెనో ప్రోగ్రాము వ్రాయువాడే యెరిగియుండవలసివచ్చెడిది. నిల్వచేయు పద్ధతి మారినచో వ్రాసిన ప్రోగ్రాములు చెడెడివి. యంత్రములోని అమరికతో వాడుకరికి పనిలేదనియు, సమాచారమును పట్టికలుగా చూపిన చాలుననియు నేను వాదించితిని. నాలో ఒక చిన్న పట్టిక యున్నది: సరఫరాదారు, భాగము, పథకము, పరిమాణము. దాని మొదటి వరుస 1, 2, 5, 17. అనగా ఒకటవ సరఫరాదారు రెండవ భాగమును అయిదవ పథకమునకు 17 పంపుచున్నాడని యర్థము. నేటి బ్యాంకు ఖాతాలు, రైలు టిక్కెట్లు ఆ వరుసకు వారసులే యని చెప్పుకొనుటకు నాకు గర్వము.

పెరటి చెట్టు మందుకు పనికిరాదందురు గాని, నా విషయమున అది సగమే సత్యము. నా వాదమును పరీక్షించుటకు శాన్‌హోసేలోనే సిస్టమ్ ఆర్ అను ప్రయోగము నడచెను. 1974లో చాంబర్లిన్, బాయిస్ అనువారు నేటి ఎస్‌క్యూఎల్‌కు మూలమైన భాషను ప్రకటించిరి. తమకు తెలిసినదానిని దాచుకొనక అచ్చువేయుట వారి ఔదార్యము. బర్కిలీలో స్టోన్‌బ్రేకర్, వాంగ్ అనువారు మా వంశపు వ్రాతలు చదివి ఇంగ్రెస్ అను డేటాబేస్‌ను నిర్మించిరి. సిస్టమ్ ఆర్ వ్రాతలు చదివిన ఎల్లిసన్ మిత్రులతో 1977లో సంస్థ పెట్టి, 1979లోనే ఒరాకిల్‌ను విక్రయించెను. ఐబీఎం వారి సరకు 1981లో గాని అంగడి కెక్కలేదు. వ్రాసినవారికన్న చదివినవారు ముందుగా ఫలము ననుభవించిరి!

ఇక నా సంగతి. ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయమున బైండు కట్టబడి చేరిన తొలిదినములలో, విద్యార్థులు నా అంచులలో పెన్సిలుతో ప్రశ్నలు వ్రాసి, ఒకరు చదివి యింకొకరికి చేతికిచ్చెడివారు. పిదప నా ప్రతిబింబము తెరలకెక్కెను. నన్ను నేలమాళిగకు దింపిరి. అచట చెమ్మకు వీపు ఊడెను, పురుగు అంచులు కొరికెను, రద్దు ముద్రయు పడెను. ఒకనాడు తూకమునకు వేయుదురేమో యని ఎదురుచూచుచున్నాను. ఇంతకన్న నొచ్చుకొను సంగతి మరియొకటి గలదు. ఉద్యోగి పిల్లల పేర్లు, పూర్వపు కొలువులు అతని వరుసలోని ఒక్క గడిలో కుక్కవలదని, వేరు పట్టికగా విడదీయుమని నేను ఉదాహరణతో సహా నాడే చెప్పితిని. నేటికిని పేర్లన్నిటిని ఒకే గడిలో కామాలతో గ్రుచ్చి, వెదకినది దొరకలేదని డేటాబేస్‌ను తిట్టు మహానుభావులు, సలహా కొరకు ఎందరినో అడుగుదురు గాని నన్ను మాత్రము తెరువరు.

చదువరులారా, నిపుణుని వ్రాతకు ఆయువు పోయునది బీరువా కాదు, చదివినవాడు. మీకు పనికివచ్చిన వ్రాత యేదైన కంటబడినప్పుడు పేరు మాత్రము చెప్పి ఊరకుండక, ముందు మీరు చదువుడు. చదివి, ప్రక్కన కూర్చుండి పనిచేయువానికి చూపుడు.