వేట విరామంలో వేటకు పోయే తెప్ప: ఒక స్వీయచరిత్ర

విశాఖపట్నానికీ భీమునిపట్నానికీ నడుమ, తొట్లకొండ దిగువన ఉన్న మంగమారిపేట ఇసుకలో కట్టుబడి, ఆ ఇసుక మీదనే ముసలిదైన ఒక కర్ర తెప్ప ఈ పుటలలో తన జీవితాన్ని తానే చెప్పుకొంటున్నది. చెప్పేది తన కథే అయినా ప్రథమ పురుషలో చెప్పడానికి కారణం ఉన్నది. తెప్ప బతుకులో ఆ ఒక్క తెప్పకే చెందినది చాలా తక్కువ. దుంగలు అడవివి, ఆకారం కట్టిన పెద్దల తరతరాల నేర్పుది, ప్రయాణం గాలి ఇచ్చినది. ఏడాది పొడుగునా సాగే వేటనంతా వర్ణించడం కూడా ఇక్కడ ఉద్దేశం కాదు. వైశాఖం ముదిరి, రోహిణి కార్తె రోళ్ళను పగలగొట్టి, మృగశిర ప్రవేశించేదాకా సాగే వేసవి చివరి వారాల వేటే ఈ కథకు కేంద్రం; ఎందుకంటే మోటారు లేని చిన్న తెప్పకు సముద్రం మీద పోటీ దాదాపుగా లేని కాలం ఏడాదిలో అదొక్కటే.

సముద్రపు తెప్పను ఏరు దాటించే వెదురు తెప్పతో పోల్చకూడదు. బరువు తక్కువైన కర్ర దుంగలను బాడిసెతో, ఉలితో చెక్కి, ముందు కొస పైకి లేచేటట్టు, నడుమ కొద్దిగా పల్లంగా ఉండేటట్టు, పడవ రూపంలో కూర్చినది సముద్రపు తెప్ప. తమిళ తీరపు కట్టుమరంలో దుంగలను తాళ్ళతోనే బిగిస్తారు; ఉత్తరాంధ్రలోనూ ఒడిశా తీరంలోనూ దుంగలను కర్ర మేకులతో కలిపి రెండు సగాలుగా చేసి, వేటకు పోయే ముందు ఆ రెండు సగాలను తాళ్ళతో ఒక్కటిగా కట్టి, తిరిగి వచ్చాక విప్పి ఒడ్డున ఆరబెడతారు. ఈ కట్టడం, విప్పడం వృథా శ్రమ అనిపించవచ్చు గాని తెప్ప ప్రాణమంతా అందులోనే ఉన్నది. తేలిక కర్ర నీటిని పీలుస్తుంది, పీల్చిన కొద్దీ బరువెక్కి నీటిలోకి దిగిపోతుంది, కాబట్టి ప్రతి ప్రయాణం తరువాత దాన్ని రెండుగా విప్పి ఇసుక మీదికి మోసి ఎండకు అప్పగించాలి. కట్టి ఉన్న తెప్పను మోయలేని నలుగురు, విప్పిన సగాన్ని భుజాలకెత్తుకోగలరు. అందువల్లనే వేసవి చివరి ఎండ మనుషులను ఎంత మాడ్చినా ఈ తెప్పకు మేలే చేసింది. ఆ రోజులలో దుంగలు ఎండినంతగా మరెప్పుడూ ఎండవు, తెప్ప తేలినంత ఎత్తుగా మరెప్పుడూ తేలదు.

పడవకు, తెప్పకు మౌలికమైన తేడా నీటితో వాటికున్న సంబంధంలో ఉన్నది. పడవ నీటిని బయటనే ఆపి తేలుతుంది, లోపలికి వచ్చిన నీటిని తోడిపోయకపోతే మునుగుతుంది. తెప్ప నీటిని ఆపదు, పైకి వచ్చిన కెరటం దుంగల సందులలోంచి దిగిపోతుంది, తోడవలసిన పని లేదు, తలకిందులైనా మునగదు, ఇద్దరు మనుషులు దాన్ని మళ్ళీ తిప్పి ఎక్కగలరు. ఇటువంటి కట్టడం ఈ తీరంలోనే బలపడడానికి కారణం తీర స్వభావమే. విశాఖపట్నంలో ఓడరేవు 1933లో తెరుచుకోవడానికి ఎన్నో తరాల ముందునుంచీ మత్స్యకారులు గాలికి, కెరటానికి అడ్డం లేని ఇసుక ఒడ్డులనుంచే బయలుదేరేవారు. పెద్ద పడవ ఆ కెరటాలలో బద్దలయ్యేది, తెప్ప వాటి కింది నుంచీ మీది నుంచీ దాటిపోయేది.

వేసవి చివర ఈ తెప్పకు దొరికే వెసులుబాటుకు మూలం ఒక ప్రభుత్వ ఉత్తర్వు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టి పిల్లలను వృద్ధి చేసుకొనే కాలమని యంత్రపు బోట్ల వేటనూ మోటారు బిగించిన పడవల వేటనూ నిషేధిస్తారు. 2015కు ముందు ఈ విరామం 47 రోజులే ఉండేది. వేట ఆగిన కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలకు పెరిగింది. తెడ్డుతో, తెరచాపతో నడిచే మోటారు లేని సంప్రదాయ తెప్పలను మాత్రం ఈ నిషేధం నుంచి మినహాయించారు. ఈ మినహాయింపును కేవలం పేదవాని మీద జాలిగా చూడడం సరి కాదు. ఇద్దరు ముగ్గురు మనుషులు చేతి బలంతో చేరగలిగిన దూరంలో, చేతితో లాగగలిగినంత వలతో, ఒడ్డుకు మోసుకురాగలిగినంత చేపనే తెచ్చే వేట సముద్రపు సంతానాన్ని తుడిచిపెట్టలేదన్న అంచనా దాని వెనుక ఉన్నది, ఆ అంచనా న్యాయమైనది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం తీరం నుంచి 8 కిలోమీటర్ల మేర నీటిని సంప్రదాయ వేటకు కేటాయించినా, మిగతా నెలలలో ఆ గీతను పెద్ద బోట్లు ఎంతగా గౌరవిస్తాయో ఒడ్డున ఉన్న వారందరికీ తెలుసు. వేసవి చివర ఆ గీత నిజంగా గీతగా నిలుస్తుంది. రాత్రి సముద్రంలో ఇంజిన్ల మోత ఉండదు, దూరాన దీపాల వరుస ఉండదు, వల మీదుగా మరొకరి బోటు దూసుకుపోతుందన్న భయం ఉండదు.

ఆ వారాలలో చేప ఒడ్డుకు దగ్గరగా రావడానికి మరో కారణం సముద్రంలోనే ఉన్నది. విశాఖ ప్రాంతంలో తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంటుంది, వేసవిలో గాలి కూడా దాదాపు అదే వరుసలో నైరుతి నుంచి వీస్తుంది. భూమి తిరుగుడు వల్ల ఉత్తరార్ధగోళంలో కదిలే నీరు తన కుడివైపుకు మళ్ళుతుంది కాబట్టి, తీరం వెంట వీచే ఆ గాలి పై నీటిని తీరానికి దూరంగా లోపలి సముద్రంలోకి నెడుతుంది, ఖాళీ అయిన చోటికి అడుగునుంచి చల్లని నీరు ఎగదన్నుకొని వస్తుంది. ఆ అడుగు నీటిలో కుళ్ళి కరిగిన జీవపదార్థపు సారం ఉంటుంది. ఎండ తగలగానే దానిమీద కంటికి కనిపించనంత సూక్ష్మమైన మొక్కలు పెరుగుతాయి, వాటిని తినే సూక్ష్మజీవులు వాటి వెంట పుడతాయి. అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ 1950లలో ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో పనిచేస్తూ ఈ ఎగదన్నును వాల్తేరు తీరంలో పరిశీలించి ప్రకటించారు. నీళ్ళలో చెయ్యి పెట్టి, వేసవిలో ఇంత చల్లగా ఉన్నదంటే కవ్వ చేపలు దగ్గరలోనే ఉన్నాయని చెప్పే తెప్ప మనుషులకు ఆ సంగతి మరో దారిలో తెలుసు. రెండు జ్ఞానాలూ ఒకే నీటిని గురించినవే.

బయలుదేరడం తెల్లవారుజామున జరుగుతుంది. నేల రాత్రంతా చల్లబడి, నేలమీది నుంచి సముద్రంలోకి వీచే సన్నని గాలి ఆ జామునే ఉంటుంది, పొద్దెక్కితే అది చచ్చిపోయి నైరుతి గాలి విజృంభిస్తుంది. చద్దన్నమో చోడి అంబలో గిన్నెకు గుడ్డ కట్టి, నీళ్ళ డబ్బాను దుంగకు తాడుతో బిగించి, వలను చుట్టి నడుమన పెట్టి, గంగమ్మ తల్లికి దండం పెట్టుకొని తెప్పను నీటిలోకి తోస్తారు. ఆ తరువాతి కొద్ది నిమిషాలే ప్రయాణమంతటిలోనూ కష్టమైనవి. ఒడ్డు కెరటాలు ఒకే ఎత్తున రావు. కొన్ని పెద్దవి గుంపుగా వచ్చి, వాటి వెనుక కాసేపు చిన్నవి వస్తాయి. తెప్పను నడుములోతు నీటిలో పట్టుకొని నిలబడి, పెద్ద గుంపు విరిగిపోయేదాకా ఓపిక పట్టి, వెలితి రాగానే ఒక్క ఊపున ఎక్కి తెడ్లు వేయాలి. ముందున్న మనిషి కెరటం కొన మీద పడకుండా దానికి ఎదురుగా తెప్ప ముక్కును నిలపాలి, పక్కకు తిరిగితే తెప్ప దొర్లుతుంది. ఈ తెప్ప ఎన్నోసార్లు దొర్లింది, ఒక్కసారి కూడా మనుషులు దాని తాడు వదలలేదు. కొత్తగా వచ్చిన పిల్లవాడికి పెద్దవాళ్ళు మొదట నేర్పేది ఈత కాదు, తాడు వదలకపోవడం.

కెరటాలు దాటాక దిశ నిర్ణయించడంలో వేసవికి ప్రత్యేకమైన ఒక లెక్క ఉన్నది. ఆ కాలంలో గాలీ, తీరపు ప్రవాహమూ రెండూ ఈశాన్యం వైపే తోస్తాయి కాబట్టి, వల వేసి వదిలితే తెప్ప భీమునిపట్నం (భీమిలి) వైపు కొట్టుకుపోతుంది. అందుచేత ముందుగా నైరుతి వైపు, విశాఖ దిక్కుకు, ఎదురీది పోయి, అక్కడ వల వేసి, వలతోపాటే తేలుతూ తమ పేటకు ఎదురుగా వచ్చేటట్టు చూసుకోవాలి. తెరచాప ఎత్తినప్పుడు గాలికి తెప్ప పక్కకు జారకుండా ఒక పలకను నీటిలోకి దింపుతారు. ఈ లెక్క తప్పిన రోజున తిరుగు ప్రయాణం తెడ్ల మీద, ఎదురుగాలిలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో చేయవలసి వస్తుంది.

చోటును గుర్తుపట్టే విద్య గురించి ఇక్కడ కొంత ఎక్కువగా చెప్పడం అవసరం. నీటి అడుగున రాతి నేల ఉన్నచోట చేప ఎక్కువగా నిలుస్తుంది. పైనుంచి చూస్తే ఆ చోటుకూ, మరో చోటుకూ తేడా కనిపించదు. మత్స్యకారుడు నేల వైపు చూసి, దగ్గరి వస్తువు ఒకటి దూరపు వస్తువు ఒకదానికి సరిగ్గా ముందుకు వచ్చే గీతను పట్టుకొంటాడు. ఒక తాటిచెట్టు తొట్లకొండ కొమ్ముకు కలిసినప్పుడు ఒక గీత, మరో దిక్కున ఏదైనా గుడి శిఖరం వెనుక కొండతో కలిసినప్పుడు మరో గీత. ఆ రెండు గీతలు తెగే బిందువే చోటు. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ, ఉత్తరాన భీమిలి పావురాళ్ళకొండ ఈ గీతలకు ఎన్నటికీ చెదరని ఆధారాలు. లోతును తాడుకు రాయి కట్టి దింపి బారలలో కొలుస్తారు. బార అంటే చాచిన రెండు చేతుల మధ్య దూరం, సుమారు ఆరు అడుగులు. ఈ గుర్తులను కాగితం మీద రాసుకొన్నవారు లేరు, తండ్రి కొడుక్కి తెప్ప మీదనే చెప్పాడు. ఇటీవల తీరం వెంట భవనాలు లేచి పాత చెట్లు, పాత శిఖరాలు కనుమరుగైనప్పుడు కొన్ని గీతలు వాటితోపాటే పోయాయి. ఊరు పెరగడం అభివృద్ధే కావచ్చు గాని, ఒక పేట నోటిలోని పటం చెరిగిపోవడాన్ని ఎవరూ నష్టంగా లెక్క కట్టలేదు, కట్టవలసి ఉండినది.

వేసవి చివరి వేట రెండు విధాలు. తేలే వలతో కవ్వళ్ళను, కానాగంతలను, నెత్తళ్ళను పట్టడం ఒకటి. కవ్వ చేపనే ఎరగా గుచ్చి గేలంతో కోనాన్ని పట్టడం రెండవది. కోనాన్ని బజారులో వంజరం అని కూడా అంటారు. అది చిన్న చేపల గుంపుల వెంట వేటాడుతూ వస్తుంది, ఎరను వేగంగా కొట్టి పరుగెత్తుతుంది, కాబట్టి తాడు వేలిని కోయకుండా వేళ్ళకు రబ్బరు ముక్క తొడుక్కొని, లాగినప్పుడు వదులుతూ, అలసినప్పుడు చుట్టుకొంటూ దాన్ని తెప్ప పక్కకు తేవాలి. రాతి నేల మీద గులివిందలు, పారలు పడతాయి. అప్పుడప్పుడు టేకు చేప, సొర. ఈ తీరపు చేపలకు గ్రంథ గౌరవం దక్కి రెండు శతాబ్దాలు దాటింది: ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతి శాస్త్రజ్ఞుడైన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలను, బొమ్మలను 1803లో లండన్‌లో ప్రచురించాడు, వాటిని స్థానికులు పలికే తెలుగు పేర్లతోనే నమోదు చేశాడు. ఆ చేపలను నీటిలోంచి తీసి ఆయన బల్ల మీద పెట్టినది ఈ తీరపు మత్స్యకారులే అయి ఉండాలి. వారి పేర్లు ఆ పుస్తకంలో లేవు.

తిరిగి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కుతుంది. ఒడ్డున గంపలతో నిలిచిన ఆడవారు తెప్ప ఎంత లోతుగా మునిగి వస్తున్నదో చూసి దూరంనుంచే ఆనాటి వేట ఎంతో చెప్పగలరు. పెద్ద బోట్లు రేవులో కట్టి ఉండడంవల్ల ఆ వారాలలో సముద్రపు చేపకు గిరాకీ పెరుగుతుంది, మంచు పెట్టకుండా గంటలలో వంటింటికి చేరే తాజా చేపకు ఇసుక మీదనే వేలంపాట సాగుతుంది. వచ్చిన సొమ్ములో మనుషులకు తలా ఒక వాటా, తెప్పకూ వలకూ ఒక వాటా పోతుంది. తెప్పకు వాటా ఇవ్వడం యజమానికి లాభం చూపడం మాత్రమే కాదు, పుచ్చిన దుంగను మార్చడానికి, తెగిన తాడును కొనడానికి నిలవ ఉంచడం. ఈ తెప్ప దుంగలు కొన్ని అటువంటి వాటాతోనే మారాయి.

వేసవి చివరి వేటకు అపాయం లేకపోలేదు. నైరుతి రుతుపవనం ముందు బంగాళాఖాతం తుపానులను పుట్టిస్తుంది. 1990 మే నెలలో కృష్ణా ప్రాంతాన్ని ముంచిన తుపాను, 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా ఆ కాలపువే. రేవులలో ఒకటి నుంచి పదకొండు దాకా ఎగరవేసే ప్రమాద సూచికలను, ఇప్పుడు సెల్‌ఫోన్‌కు వచ్చే హెచ్చరికలను తెప్ప మనుషులు పాటిస్తారు. వాటికి ముందే, గాలి పొద్దున్నే దిశ మార్చినా, ఆగ్నేయం నుంచి గాలి లేని పొడవైన కెరటాలు వచ్చినా దుంగలను విప్పి ఎత్తు ఇసుకకు చేరుస్తారు.

కర్ర తెప్పల సంఖ్య తగ్గడానికి కారణం ఈ అపాయం కాదు. మంచి తేలిక దుంగలు దొరకడం కష్టమైంది, ధర పెరిగింది. వాటి స్థానంలో లోపల నురుగు పదార్థం నింపిన ఫైబరు తెప్పలు వచ్చాయి, 2004 డిసెంబరు 26 సునామీ తరువాత సహాయంగా ఇచ్చిన వాటితో వాటి వాడకం మరింత పెరిగింది. ఫైబరు తెప్పను ఆరబెట్టనక్కరలేదు, మోటారు బిగిస్తే ఎదురుగాలి లెక్క కూడా అక్కరలేదు, కూలి శ్రమ తగ్గింది. దాన్ని తప్పుపట్టడానికి ఈ తెప్పకు హక్కు లేదు. అయితే మోటారు బిగించిన మరుక్షణం ఏప్రిల్ 15 నుంచి అది కూడా ఇసుక మీదనే ఉండాలి, డీజిలు ఖర్చు ప్రతి వాటాలోంచీ పోతుంది, ఇంకా దూరం పోవాలన్న ఒత్తిడి పెరుగుతుంది. వేసవి చివర తెడ్డుతో పోయి తెచ్చే కొద్దిపాటి చేప మీద బతికిన కుటుంబాలకు ఆ వెసులుబాటు పోయింది.

మినహాయింపు ఉత్తర్వులో ఉంటే చాలదు, మినహాయింపు పొందే తెప్ప ఒడ్డున ఉండాలి. అందుకు మత్స్యశాఖ తేలిక కర్రను మత్స్యకార సంఘాలకు అందుబాటు ధరకు ఇప్పించాలి, తీరపు అడవుల పెంపకంలో సరుగుడుతోపాటు తెప్పకు పనికివచ్చే చెట్లను కూడా నాటించాలి. విశ్వవిద్యాలయాలు ఇంకా బతికి ఉన్న తెప్ప కట్టే పెద్దలనుంచి కొలతలను, ముసలి మత్స్యకారుల నుంచి నేల గుర్తుల గీతలను, బారల లెక్కలను వారి మాటలలోనే రాయించుకోవాలి. ఈ పని వచ్చే వేసవికి వాయిదా వేయవద్దని ఈ తెప్ప పాఠకులను, ముఖ్యంగా ఆ తీరంలోనే చదువుకొంటున్న విద్యార్థులను వేడుకొంటున్నది.