అతిథి మర్యాద

బెజవాడకు విచ్చేసిన అతిథి "ఇచట చూడదగినవేవి?" అని ప్రశ్నించినంతనే, నగరవాసి ఇంద్రకీలాద్రి వంక చేయెత్తి నమస్కరించి, 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజీని సగర్వముగా పేర్కొని, పిదప కొంతసేపు ఆలోచనామగ్నుడై, తుదకు బీసెంటు రోడ్డులో బట్టల బేరమును, బెంజి సర్కిలు చెంత బిరియానీని ఉపదేశించును. కృష్ణకు ఆవలియొడ్డున, ఉండవల్లిలో కొండను తొలిచిన నాలుగంతస్తుల గుహాలయమందు అనంతపద్మనాభుడు శతాబ్దములుగా శయనించియే యున్నాడు. మొగల్రాజపురపు గుహలు నడివూరిలోనే యున్నవి. "వానిని తాము దర్శించితిరా?" అని అతిథి అడిగెనేని, "మేము ఈ యూరివారమే గదండీ, ఎప్పుడైనను చూడవచ్చును" అని గంభీరమైన ప్రత్యుత్తరము లభించును. స్థానికునకు ఆ దర్శనభాగ్యము కలుగవలెనన్న, హైదరాబాదునకు కాపురము మార్చి, సంక్రాంతి సెలవులకు చుట్టమై రావలసియుండును గాబోలు!