ఒక సత్యం షేరు ఆత్మకథ

నేను సత్యం కంప్యూటర్స్ షేరును. ముఖ విలువ 2 రూపాయలు. డీమ్యాట్ ఖాతాలో అంకెగా తప్ప నాకు వేరే రూపం లేదు. మాదాపూర్ ఇన్ఫోసిటీలో, హైటెక్ సిటీ చుట్టుపక్కల వేలమంది ఇంజనీర్లు చేసిన పనే నా విలువ. నాలాంటివి రెండు కలిపితే ఒక ఏడీఎస్ (అమెరికన్ డిపాజిటరీ షేరు). 2001 నుంచి అది న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో అమ్ముడయ్యేది. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని అందులో ఉంది. ఒక్కరోజులో నా ధర ముప్పాతిక వంతుకు పైగా కూలింది. ముంబైలో నన్ను కొన్నవారినీ, న్యూయార్క్‌లో ఏడీఎస్ కొన్నవారినీ ముంచింది ఒకే అబద్ధం. పరిహారం మాత్రం చాలావరకు ఎక్కడ కొన్నారన్నదాన్ని బట్టి వచ్చింది. ఇది అన్యాయమని నా వాదన.

న్యూయార్క్‌లో కొద్ది రోజుల్లోనే దావాలు పడ్డాయి. కోర్టు వాటన్నిటినీ ఒకటిగా కలిపింది. అక్కడి 1995 చట్టం ప్రకారం ఎక్కువ నష్టపోయినవారికే సాధారణంగా నాయకత్వం దక్కుతుంది. మిసిసిపీ ప్రభుత్వోద్యోగుల పెన్షన్ నిధి, బ్రిటన్ గని కార్మికుల పెన్షన్ పథకం వంటివి అందరి తరఫున వాదులయ్యాయి. ఒక చిన్న మదుపరి ఒంటరిగా వేస్తే లాయరు ఖర్చుకే చాలని నష్టం, వేలమందిది కలిస్తే కంపెనీ తప్పించుకోలేని కేసవుతుంది. క్లాస్ యాక్షన్ అనే ఈ పద్ధతికి ప్రాణం అదే. తర్వాత రాజీ బేరం. 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లకూ, ఆడిటర్ ప్రైస్ వాటర్‌హౌస్ కూపర్స్ 2.55 కోట్ల డాలర్లకూ ఒప్పుకున్నాయి. రాజీ కుదిరినంత మాత్రాన డబ్బు చేతికి రాదు. వర్గంలోని వారందరికీ నోటీసు వెళ్లాలి, ఇష్టం లేనివారు తప్పుకోవడానికీ, అభ్యంతరం చెప్పడానికీ గడువివ్వాలి, రాజీ న్యాయంగా ఉందని జడ్జి తేల్చాలి. ఆ పైనే క్లెయిము పత్రాలు, పంపకం.

ఇక్కడ? మదుపరుల సంఘం ఒకటి లక్షలమంది తరఫున జాతీయ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లింది. కేసు నిలవలేదు, 2009లో సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ప్రాతినిధ్య దావాకు 1908 నుంచే వీలుంది కదా అంటారు. ఉంది. కానీ అడిగే పరిహారాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, గెలిస్తే వాటా తీసుకునే షరతు మీద వాదించడం మన లాయర్లకు నిషిద్ధం. మరి ముందుగా ఖర్చు ఎవరు పెడతారు?

ఇంతకంటే బలమైన ఆక్షేపణ ఇంకొకటుంది. కంపెనీ కట్టే పరిహారమంటే చివరికి షేరుదారుల సొమ్మే. నా విషయంలో ఇది అక్షరాలా నిజం: ఆ 12.5 కోట్ల డాలర్లు కంపెనీ ఖజానా నుంచి వెళ్లాయి, అంటే నన్ను అట్టిపెట్టుకున్న భారతీయ మదుపరి తన నష్టానికి పైసా రాకపోగా ఆ భారంలో కూడా వాటా మోశాడు. అయితే ఇది క్లాస్ యాక్షన్ వద్దనడానికి కారణం కాదు. తప్పుచేసిన డైరెక్టర్ల నుంచీ, ఆడిటర్ల నుంచీ రాబట్టాలనడానికి కారణం. నేరం కోర్టులో రుజువవుతుంది కదా అన్నా సరిపోదు. 2015లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రామలింగరాజుకు ఏడేళ్ల జైలు వేసింది. ఆ శిక్ష మదుపరి ఖాతాలో రూపాయి వేయలేదు.

సత్యం దెబ్బ తర్వాతే 2013 కంపెనీల చట్టంలో క్లాస్ యాక్షన్‌కు వీలిచ్చే 245వ సెక్షన్ వచ్చింది. అమల్లోకి వచ్చింది 2016లో. అంతకు మూడేళ్ల ముందే కంపెనీని టెక్ మహీంద్రాలో కలిపేసి, 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చి నన్ను రద్దు చేశారు. ఇప్పుడు వందమంది సభ్యులు కలిస్తే చాలు, ట్రిబ్యునల్‌కు వెళ్లి డైరెక్టర్ల మీదా, ఆడిటర్ల మీదా పరిహారం అడగొచ్చు. ఖర్చు మదుపరుల రక్షణ నిధి నుంచి తిరిగి పొందే వీలూ ఉంది. కానీ చట్టం సభ్యులన్న మాటే వాడింది. మోసం బయటపడిన రోజు భయంతో నన్ను నలభై రూపాయలకు అమ్ముకున్నవాడు ఆ తర్వాత సభ్యుడు కాడు. అలా నష్టపోయిన ఆ మనిషికి దారి చూపేలా ఆ సెక్షన్‌ను సవరించాలి.