ముక్కుండగా ల్యాబ్ ఎందుకు?

ఆహార పరీక్షలకు మనకు ల్యాబులు చాలవని బాధపడేవాళ్లు ఒకసారి రాత్రి తొమ్మిదిన్నరకు ఏదైనా కర్రీ పాయింటుకు వెళ్లాలి. ఓనరు స్టీలు గిన్నె మూత తీసి, మొహం దాదాపు లోపలికి దూర్చి గట్టిగా పీలుస్తాడు. గరిటతో అరచేతిలో చుక్క వేసుకుని నాలిక్కి రాసుకుంటాడు. "ఏం కాలేదు సార్, పొద్దున చేసిందే!" పరీక్ష ముగిసింది, రిపోర్టు వచ్చింది, పాలకూర పప్పు కవర్లోకి దిగి మూతికి ముడి కూడా పడిపోయింది.

ఇంత సులువైన పనికి ఆస్ట్రేలియాలో రాట్‌కోవ్‌స్కీ బృందం 1982లో సమీకరణం రాసింది. వేడిని బట్టి బాక్టీరియా పెరిగే వేగం ఎలా మారుతుందో తేల్చే లెక్క అది. ఇప్పుడు అలాంటి లెక్కలు చేసిపెట్టే కాంబేస్ అనే సాధనం ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతోంది. పదార్థం పులుపెంత, ఉప్పెంత, ఎంత వేడిలో ఎన్ని గంటలుంది చెబితే ఏ బాక్టీరియా ఎంతకు పెరగొచ్చో గీత గీసి చూపిస్తుంది. వాసన ఎలా ఉందని మాత్రం అడగదు. పాపం, వాళ్లకు మన ఓనరు పరిచయం లేడు.

అడగకపోవడానికి కారణముంది. కూరను కంపు కొట్టించే బాక్టీరియా వేరు, మనిషిని మంచాన పడేసేవి వేరు. మొదటి రకం కబురు పెట్టి వచ్చే చుట్టాలు. సాల్మొనెల్లా, స్టెఫైలోకాకస్‌లకు ఆ మర్యాద లేదు. రంగు, రుచి, వాసన చెక్కుచెదరకుండానే పని కానిస్తాయి. అనువైన వెచ్చదనం దొరికితే కొన్ని 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన గ్రాముకు 100తో మొదలైనా 6 గంటల్లో రెండున్నర కోట్లు దాటతాయి. పచ్చి గుడ్డు మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది. వెల్లుల్లి ఘుమఘుమల కింద సాల్మొనెల్లాను పసిగట్టే ముక్కు ఒక్కటైనా ఉంటే అంత శ్రమ తప్పేది.

స్వీటు షాపులది ఇంకో పద్ధతి. విడిగా అమ్మే మిఠాయిల ట్రేల మీద ఎప్పటిలోగా తినాలో రాయమని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన పెట్టారు. కొన్నిచోట్ల నిబంధనను భక్తిగా పాటిస్తున్నారు: కలాకండ్ పాతదే గానీ, తేదీ మాత్రం రోజూ తాజాగా చేస్తారు.

"వేడి చేస్తే సరి" అనే వర్గం మరీ గట్టిది. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తులు ఉడికినా చావవు. గిన్నె వెచ్చగా గంటల తరబడి పడుంటే మొలకెత్తి విషం తయారు చేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం 121 డిగ్రీల్లో గంటన్నర పెట్టినా చెక్కుచెదరదు. మనం మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు తిప్పి విజయం ప్రకటిస్తాం.

"మా అమ్మమ్మకు ఏ థర్మామీటరుంది?" అంటారు. నిజమే, లేదు. కానీ అమ్మమ్మ ప్రయాణానికి పులిహోర కట్టింది, పాలకూర పప్పు కట్టలేదు. చింతపండు పులుపులో, ఆవకాయ ఉప్పులో బాక్టీరియా పప్పులుడకవని ఆవిడకు తెలుసు. కాంబేస్ అడిగే ప్రశ్నలూ అవే. ఆవిడ దగ్గర మనం నేర్చుకున్నది ముక్కు ఎగబీల్చడం ఒక్కటే.

అన్నిటికీ పైన ఫంక్షన్ హాలు. వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచొద్దని, వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైనే ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంటుంది. పన్నెండింటికి దించిన బగారా అన్నం సాయంత్రం ఐదుకు ఇంకా టబ్బులోనే ఉంటుంది. పెళ్లికూతురి బాబాయి మూతెత్తి, ముక్కు చిట్లించి, తీర్పు చెబుతాడు: "మనమేం తింటాం గానీ, పారేస్తే పాపం. అనాథాశ్రమానికి ఫోన్ కొట్టండ్రా!" అంత పుణ్యం కావాలంటే మొదటి బంతికి ముందే, పొగలు కక్కుతుండగా రెండు గిన్నెలు పంపొచ్చు. కానీ ఆ టైముకు ఫోటోగ్రాఫరు తలంబ్రాల దగ్గర బిజీ.