కిరాయి మాది, కసువు మీది

మనవాళ్లు గది ఖాళీ చేసి వెళ్లాక అందులో లేనిది మనుషులొక్కరే. మిగతా సమస్తం ఉంటుంది. సగం తిన్న బగారా అన్నం ఉంటుంది. పొయ్యి చుట్టూ పొంగిన పప్పు అట్టగట్టి ఉంటుంది. బాత్‌రూం జాలీలో బొక్కలు ఇరుక్కుని ఉంటాయి. కిటికీలో ఖాళీ సీసా, సీసాలో సిగరెట్ పీకలు. తలగడ మీద కొబ్బరినూనె, దుప్పటి అంచుకు చెయ్యి తుడిచిన కూర. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది, చెత్తకు ఉక్కపోయకూడదు కదా!

మా సిరికొండ నుంచి వేములవాడ రాజన్న దగ్గరికి పోవడాన్ని ప్రయాణం అనడం అన్యాయం. అది కాపురం తరలింపు. డీసీఎం వ్యానులో బియ్యం బస్తా, గంజులు, కట్టెలు, ఇద్దరు ముసలమ్మలు, డజను మంది పిల్లలు, మూలకు కట్టేసిన యాట. సోమవారం ధర్మగుండంలో స్నానం, రాజన్నకు కోడె మొక్కు, మంగళవారం బద్ది పోచమ్మకు బోనం. ఆ తర్వాత దావత్. గుడి గదుల్లో మాంసం వండనివ్వరు కాబట్టి ఊళ్లో వండుకునే వీలున్న గది ఒకటి కిరాయికి పట్టాలి. అక్కడ మొదలవుతుంది అసలు జాతర.

గదిలోకి వచ్చేటప్పుడు మన తీరు చూడాలి. కలెక్టరు ఆకస్మిక తనిఖీ కూడా అంత కఠినంగా ఉండదు. మంచం కిందికి వంగి చూస్తారు. నల్లా తిప్పి నీళ్ల రంగు చూస్తారు. దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుని, "అక్కా, గివి ఉతికినయేనా?" అంటారు. మూలకు సాలెగూడు కనబడితే కిరాయిలో వంద తగ్గించమంటారు. ముందు దిగినవాళ్లు వదిలిన ఒక్క ఉల్లిపొట్టు కాలికి తగిలితే చాలు, "ఎంత గలీజు మనుషులో!" అని ఆ తెలియని కుటుంబానికి మూడు తరాల దాకా శాపనార్థాలు.

మర్నాడు పొద్దున వీళ్లే బయల్దేరతారు. గది గలీజుతో నిండి ఉంటుంది. ఈసారి శాపనార్థాలు లేవు. ఇంటావిడ గడపలో నిలబడి, "గదేందన్నా, గంజులన్న కడగకపాయిరి?" అంటే జవాబు సిద్ధం: "కిరాయి కట్టలేదా అక్కా? ఉత్తగున్నమా?"

ఈ ఒక్క వాక్యం మీద నాకు ఎంతో గౌరవం. మన పౌరజీవన శాస్త్రమంతా ఇందులో ఉంది. కిరాయి కట్టినవాడికి గదిని వాడుకునే హక్కు వస్తుందని పాతకాలపు అమాయకులు అనుకునేవారు. కాదట. గదిని పాడుచేసే హక్కు కూడా వస్తుందట. అడ్వాన్సు కట్టినవాడికి ఆ హక్కు రెట్టింపు. ఇక డిపాజిట్ అంటారా, మురికికి ముందే చెల్లించిన ధర. అందుకే దాన్ని తిరిగి అడిగేటప్పుడు గొంతు అంత పెద్దగా లేస్తుంది. మురికీ వదిలారు, దాని ధరా వెనక్కి కావాలి. బోధన్ శక్కర్‌నగర్‌లో చెరుకు తూకం దగ్గర కూడా ఇంత లాభసాటి బేరం ఎవరూ చేసి ఉండరు. అందుకేనేమో అక్కడి నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది, ఈ బేరం మాత్రం దినదినాభివృద్ధి చెందుతోంది.

మనకు శుభ్రత తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పొద్దు పొడవకముందే మా ఊళ్లో వాకిళ్లు ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గులు పడతాయి. చెప్పుల కాలితో వంటింట్లోకి అల్లుడు వచ్చినా అత్త కసురుకుంటుంది. ఎంగిలి, మైల, అంటు అంటూ ఎవరి గ్లాసు ఎవరు ముట్టాలో వేయి నియమాలు. ఇంత శుభ్రత ఉన్న జాతి గడప దాటగానే ఎలా మాయమైపోతుంది? మాయం కాలేదు. గడప దగ్గరే ఆగిపోయింది. మన వాకిట్లో ఊడ్చిన కసువు బజార్లోకి పోతే ఇల్లు శుభ్రమైనట్టే. కిరాయి గది అంటే మనం రాత్రి పడుకునే బజారు.

గల్ఫ్ సంగతి ఎత్తకుండా ఈ మాట పూర్తికాదు. సిరికొండ, భీంగల్, ధర్పల్లి వైపు ఏ ఊరికి పోయినా దుబాయ్‌నో, సౌదీనో, మస్కట్‌నో చూసి వచ్చినవాళ్లు కనబడతారు. క్యాంపులో ఒక్క గదిలో పదిమంది. వంటకు వంతులు, గిన్నెలకు వంతులు, బాత్‌రూం కడగడానికి వంతులు. వంతు తప్పితే పక్క మంచంవాడు మాట్లాడడు. పైగా ఎందరికో అక్కడి ఉద్యోగమే ఇతరులు దిగి వెళ్లిన గదులు కడగడం. ఎవరో పారేసినవి ఏరుతూ, మరకలు రుద్దుతూ, నడుం పట్టుకుపోయి, ఆ డబ్బుతో ఇంటికి స్లాబు వేస్తారు. ఛుట్టీ మీద వచ్చి మొక్కు తీర్చుకోవడానికి వేములవాడ పోతారు. అక్కడ బొక్కలు కిటికీలోంచి విసిరేది ఎవరనుకున్నారు? వీళ్లే. మరొకడి మురికి ఎత్తడమంటే ఏమిటో ఎముకల్లో తెలిసినవాళ్లు. ఆ మురికి ఎత్తే పని ఇంకెవరికో ఇవ్వగలిగే స్థాయికి వచ్చామని, అదొక పదోన్నతి అని వాళ్ల నమ్మకం. ఆ గది ఊడ్చే ఆమె మొగుడు కూడా మస్కట్‌లో ఇదే పని చేస్తుంటాడన్నది అప్పుడు గుర్తుకు రాదు.

మనవాడే అమెరికా పోయాడనుకోండి, కథ మారుతుంది. లాంగ్ వీకెండ్ వస్తే అయిదు కుటుంబాలు కలిసి టెనెసీ రాష్ట్రంలో గాట్లిన్‌బర్గ్ దగ్గర కొండ మీద క్యాబిన్ కిరాయికి పడతాయి. రైస్ కుక్కర్, ప్రెషర్ కుక్కర్, ఇడ్లీ పాత్ర, ఆవకాయ, మటన్ కూరకు కావలసిన సరంజామా అంతా కారెక్కుతుంది. డీసీఎం బదులు మినీవ్యాన్, అంతే తేడా. యాట మాత్రం ముక్కలై డబ్బాలో వస్తుంది. మూడో రోజు పొద్దున అద్భుతం జరుగుతుంది. అదే మగవాడు, ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా లేచి తీసుకోనివాడు, స్పాంజి పట్టుకుని పొయ్యి రుద్దుతుంటాడు. డిష్‌వాషర్ నింపుతాడు. చెత్త సంచులు మూతి బిగించి ఎలుగుబంట్లు తెరవలేని ఇనుప డబ్బాలో వేస్తాడు. వెళ్లేముందు వంటింటికి నాలుగు మూలల నుంచి ఫొటోలు తీస్తాడు, రేపు గొడవొస్తే సాక్ష్యానికి. దేవుడికి భయపడని మనిషి రివ్యూకి భయపడతాడు. తన జన్మనక్షత్రం అడిగితే అమ్మకు ఫోన్ చేసేవాడు, రివ్యూలోని అయిదు నక్షత్రాల్లో ఒకటి రాలితే మాత్రం వారం రోజులు నిద్రపోడు.

వేములవాడ అక్కకు మనల్ని రివ్యూ చేసే వీలు లేదు. ఉన్నదంతా ఆమె నోట్లోనే ఉంది, అది డీసీఎం మోతలో వినబడదు.

గాట్లిన్‌బర్గ్‌లో ఎంత రుద్దినా పోనిది ఒకటుంది, పసుపు. అది మా జిల్లా పంట కాబట్టి కొంచెం గర్వంగానే చెబుతాను. ఈ పసుపు కోసం 2019 పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది బరిలో నిలిచారు, ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులే. చివరికి 2025 సంక్రాంతికి నిజామాబాద్ కేంద్రంగా, వాళ్లు అడిగిన జాతీయ పసుపు బోర్డు వచ్చింది. మన పసుపును ప్రపంచానికి పరిచయం చేయడం దాని పని. కిరాయి క్యాబిన్ల తెల్ల తువ్వాళ్ల మీద, పాలరంగు సోఫాల మీద మనవాళ్లు ఆ పని జీతం లేకుండా ఎప్పటి నుంచో చేస్తున్నారు. పసుపులోని రంగు నీళ్లకు కరగదు, నూనెకు కరుగుతుంది. కూరలో నూనె ఎంత ఉంటుందో తెలుసుగా. కంగారులో సబ్బు పెట్టి రుద్దితే మరక ఎర్రబడుతుంది. పసుపు నీళ్లలో సున్నం కలిపితే దిష్టినీళ్లు ఎర్రబడేది కూడా ఈ గుణం వల్లే, సబ్బులోనూ సున్నంలోనూ ఉన్నది క్షారమే. అంటే మీరు తువ్వాలకు శుభ్రంగా దిష్టి తీసి, మడతపెట్టి, అడుగున దాచి వచ్చారన్నమాట. బాగా పిండి ఎండలో వేస్తే చాలావరకు వెలిసిపోతుంది. అయినా అసలు మందు ఒకటుంది. వంటకు, చేతులకు పాత గుడ్డలు ఇంటి నుంచి తీసుకుపోవడం. మా అమ్మమ్మల మూటల్లో ఉప్పు లేకపోయినా పాత గుడ్డ ఉండేది.

బాసర ముచ్చట ఇంకా పవిత్రమైనది. సరస్వతమ్మ సన్నిధిలో పిల్లవాడితో పలక మీద అక్షరాలు దిద్దిస్తారు. బియ్యం, పసుపు, దక్షిణ, అన్నీ సక్రమం. గదికి తిరిగొచ్చాక చదువు మొదలవుతుంది, గోడ మీద. కొత్త బలపం, తెల్లగా సున్నం కొట్టిన గోడ. తండ్రి మురిసిపోయి ఫోన్‌లో వీడియో తీస్తాడు. విద్యాభ్యాసం ఇంత వేగంగా ఫలించడం చూసి తల్లికి కళ్లు చెమర్చుతాయి. తుడవమని చెప్పే ఓపిక మాత్రం ఇద్దరిలో ఎవరికీ ఉండదు. పిల్లవాడు ఆ రోజు రెండు పాఠాలు నేర్చుకుని ఇంటికి వస్తాడు, మొదటిది మరచిపోయినా రెండోది జీవితాంతం గుర్తుంటుంది.

మేడారం గురించి ఒక్క మాట. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జాతర జరిగింది. తల్లులు వనంలోకి, మనం ఇళ్లకు. యాసంగి పంట వదులుకుని జాతరకు పొలాలు ఇచ్చిన రైతులకు మనం వదిలి వచ్చేది దుక్కిలో కలిసిపోయిన గాజుపెంకులు. తర్వాత నాట్లు వేసే ఆడవాళ్లు ఆ మడుల్లోకి చెప్పుల్లేకుండా దిగుతారు. ఇక్కడ నాకు వ్యంగ్యం చేతకావడం లేదు.

యజమానులు శుద్ధపూసలేం కాదు, వాళ్ల సంగతీ చూద్దాం. గోడ మీద ఎర్రరంగుతో పద్దెనిమిది నియమాలు రాయిస్తారు, గదిలో చెత్తబుట్ట ఒక్కటి పెట్టరు. ఉన్న చీపురు ఈనెలు రాలిపోయి పుల్లగా మిగిలింది. గిన్నెలు తోమమంటారు, నల్లాలో నీళ్లు రావు. సఫాయి ఖర్చని విడిగా రెండు వందలు పట్టి, ఊడ్చే ఆమె చేతిలో అందులో ఎంత పెడతారో లెక్క చెప్పరు. ఇక మనం బుద్ధిగా కట్టి ఇచ్చిన చెత్త సంచిని ప్రహరీ అవతల వాగులోకి విసిరే యజమానిని చూస్తే, మన కుటుంబంవాడే అని గుర్తుపట్టి కౌగిలించుకోవాలనిపిస్తుంది.

అమెరికాలోనూ యజమానులు ముదిరారు. వందల డాలర్ల సఫాయి రుసుం పట్టి, పైగా దుప్పట్లు ఊడదీయండి, బట్టలు మిషన్‌లో వేయండి, ఇల్లంతా వాక్యూమ్ చేయండి అని పని పట్టీలు ఇవ్వడం మొదలుపెట్టారు. గొడవ ముదిరి 2022 నవంబరులో ఎయిర్‌బీఎన్‌బీ పెద్ద బ్రయాన్ చెస్కీ ఒక గీత గీశాడు. దుప్పట్లు తీయడం, బట్టలుతకడం, ఇల్లు ఊడవడం అతిథి పని కాదు. దీపాలార్పడం, మిగిలిన తిండి చెత్తలో వేయడం, తాళం వేయడం అతిథి పని. నిజం చెప్పాలంటే నాకు ఆ గీత సబబుగానే కనిపిస్తుంది. మన దగ్గర వంట కూడా గదిలోనే కాబట్టి మూడు పనులు కలపాలి. వండిన గంజులు కడగాలి. పొయ్యి దగ్గర పొంగింది తడిగా ఉన్నప్పుడే తుడవాలి. బొక్కలు, ఉల్లిపొట్టు, మెతుకులు జాలీలోకి పోకుండా ఏరాలి. జాలీ ఒక్కసారి నిండితే తర్వాత దిగేవాళ్లు చీలమండల లోతు నీళ్లలో స్నానం చేస్తారు. ఇంకొకటి, పగిలింది పగిలిందని చెప్పాలి. పగిలిన గాజుగిన్నెను మంచం కిందికి తోసి వెళ్లేవాడు దొంగకంటే హీనం. దొంగ కనీసం తీసుకుపోతాడు. నేల కడగక్కర్లేదు, దుప్పట్లు ఉతకక్కర్లేదు, దానికే కిరాయి కట్టింది.

చట్టం ఏమంటుందని అడుగుతారా? ఘన వ్యర్థాల నియమాల ప్రకారం చెత్త పుట్టించినవాడే తడీ పొడీ విడదీసి ఇవ్వాలి. అనుమతి లేని చోట వందమందికి మించి దావత్ పెడితే మూడు పనిదినాల ముందే పంచాయతీకో, మున్సిపాలిటీకో చెప్పాలని 2016 నాటి నియమాలు అన్నాయి. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు నిషేధం. ఇంత చట్టం ఉన్న దేశంలో ఆ ప్లేట్లు ఎక్కడ దొరుకుతాయని మీకు సందేహం రావచ్చు. గది కింద ఉన్న దుకాణంలో. వందకు కొంత తగ్గిస్తాడు కూడా. మా సిరికొండ అడవిలో మోదుగు చెట్లకు కరువు లేదు. ఆకులు కుట్టి ఇస్తార్లు చేస్తే తిన్నాక పశువుకు వేయొచ్చు, పెంటలో వేస్తే ఎరువు. కానీ మోదుగాకులో తింటే ఫొటోలో పేదగా కనబడతాం.

బిగ్ బాస్ ఇంట్లో గిన్నెలు ఎవరు తోమాలో తేలక జరిగే కొట్లాటను రోజుకు గంట కళ్లార్పకుండా చూస్తాం. ఫలానావాడు కప్పు కడగలేదని ఓటు వేయడం మానేస్తాం. అంత న్యాయదృష్టి ఉన్న ప్రేక్షకులం కదా, మన గదిలోనూ ఒక కెమెరా ఉందనుకోండి.

డీసీఎం డ్రైవరు హారన్ కొడుతున్నాడు. కొట్టనీయండి. అరగంట ఆగమంటే ఆగుతాడు, తిరుగు ప్రయాణానికి అతనికీ ఒక ప్లేటు మటన్ కట్టించారు. చీపురు తలుపు వెనకాల ఉంది. గంజులు తోమే పీచు నల్లా పక్కన. ముందు ఆ బొక్కలు ఏరండి.